ఎండల పెట్టిన సిలిండరు

బాంబు గాదు సారూ, సోడ గ్యాసు! పొద్దటిసంది గిదే మొత్తుకుంటున్న. నన్ను లాకప్పుల ఉంచుండ్రి, ఇంక నాలుగు తన్నుండ్రి. ఠాణ వాకిట్ల పెట్టిన గా సిలిండరును మాత్రం ఎండలకెల్లి తీపియ్యుండ్రి. రోహిణి కార్తె గిది, ఏమనుకుంటున్నరు?

సాక్ష్యమా? సాక్ష్యానికి నీడ పనికిరాదా?

వీర్నపల్లి అడివి తొవ్వల దొరికిననని, నక్సలైటు అన్నలకు మోస్తున్న అనుకున్నరు. పెండ్లిల సోడలు పట్టనీకి పోతున్న సారూ. అన్నలు తాగరా అంటే... తాగుతరేమో. మీ జవాను భూమయ్య తాగుతలేడా? ఉత్తగ ఎన్ని తాగిండో అడుగుండ్రి.

ఇనుండ్రి. ముప్పై ఏండ్లు గ్యాసుతోని బతికినోన్ని. బడికి పోలే, చేతులు కాల్చుకొని నేర్చిన. గ్యాసుకు వేడి తాకితే రెండే తొవ్వలు. ఎదురుంగ జాగ ఉంటే నూకుతది, నూకుడుకు కొంత వేడి ఖర్చయితది. జాగ లేకుంటే? తిన్న వేడంతా కడుపులనే దాసుకుంటది. మరుగుతది.

నేను సోడ పట్టంగ చూసిన్రా? మూతి తిప్పితే బుస్సుమని ఉరుకుతది, ఇత్తడి మీద మంచు పేరుతది. ఎందుకు? గప్పుడు బయటి వేడి అందలే. సొంత వేడి ఖర్చు పెట్టి నూకింది. కూడు లేకుంట కూలికి పోయినోని ఒళ్ళు సల్లవడ్డట్టు.

గిప్పుడు ఉల్టా. మూతి బందున్నది. పొద్దటిసంది ఎండ తినుడే, ఒక్క పని చెయ్యలే. తిన్నదంతా ఏడున్నట్టు సారూ?

నవ్వుండ్రి. భూమయ్యా, నువ్వన్న చెయ్యి పెట్టి చూడు. చూసినవా? నిప్పు తాకినట్టు గుంజుకున్నవు గదనే!

ఏమన్నరు సారూ? ఒత్తిడి మీరితే బయటికి పోయే తొవ్వ ఉంటదంటరా?

ఉంటది. మూతి పక్కన పలుచటి రాగి బిల్ల. అదే చినిగి గ్యాసును ఇడుస్తది.

...గది అడగకుంటే బాగుండు.

గా బిల్ల పోయినేడు చినిగింది. జగిత్యాల, కోరుట్ల తిరిగిన, దొరకలే. ఎండకాలం పోతే నాకు కూడు లేదు. దాని జాగల దొడ్డు ఇనుప బిల్ల పెట్టి బిగిచ్చిన. గది చినగదు, పగిలితే సిలిండరే పగులుతది. గిది చెప్తే, బాంబు చేసినోడు గీ సోడల హన్మండ్లే అని నా పేరు రాస్తరని భయపడ్డ. గింతసేపు నోరు మూసుకున్న.

రాసుకోండ్రి. వేలుముద్ర పెడుత. ముందు అందరు ఠాణ ఇడిసి దూరం నడువుండ్రి.

అరే, గట్ల ఉరుకుతరేంది! సారూ! నా లాకప్పు తాళంచెవి ఎవని కాడున్నది?