తొమ్మిది వందల మంది శ్రోతలు

టీ బడ్డీ ముందు బెంచీ మీద సర్వర్ మావయ్య గ్లాసు పట్టుకుని కూర్చున్నాడంటే కోతలు మొదలైనట్టే. వెబ్ పేజీలు తయారుచేయడం ఆయన వృత్తి, ఆ పేరూ అందుకే వచ్చింది; వాటి గురించి గొప్పలు చెప్పుకోవడం ప్రవృత్తి. రేపు సాయంత్రం లైబ్రరీలో ఆయన మొదటి ప్రసంగం. వచ్చేవాళ్లు పేర్లు నమోదు చేసుకునే ఫారం కూడా తనే తయారుచేశాడు. ఎవరూ రాకపోతే పరువేం కానని వారంగా ఆయనకి అన్నం సయించడం లేదు. ఇవాళ మాత్రం మనిషి నేల మీద లేడు.

"పొద్దున ఫారం పనిచేస్తుందో లేదోనని నా పేరే కొట్టి పంపాను. 'మీ పేరు చేరింది, మొత్తం ఒకరు' అని పేజీ వచ్చింది. కాసేపాగి దాన్నే రీఫ్రెష్ చేశానా, ఇద్దరు. మళ్లీ చేశాను, ముగ్గురు."

అంత తొందరగానా అన్నాడు పక్కనున్న టైలరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను చూడ్డమే ఆలస్యం, ఒకరు చేరడం. మధ్యాహ్నానికి నాలుగు వందలు. అక్కడ నా పేజీని నడిపే సర్వరు కాలిపోతుంటే దాని మీద ఆమ్లెట్లు వేసుకున్నారట. జనం తాకిడికి సముద్రం అడుగున కేబుళ్లు సాగిపోయి, చేపలు వాటి మీద ఉయ్యాలలూగాయట. బ్రౌజరుకి కూడా నేనంటే హడల్. ప్రతిసారీ 'వివరాలు మళ్లీ పంపమంటారా?' అని నా అనుమతి అడిగేది. నేనూ పెద్దమనసుతో సరే అనేవాణ్ణి. అలా తొమ్మిది వందల దాకా వెళ్లింది."

ఆయన మరదలు లైబ్రరీలోనే పనిచేస్తుంది. ఈ అంకెను నమ్మి చిన్న గది మానేసి పెద్ద హాలు తీయించింది. చేతిలో లిస్టుతో ఇందాకటి నుంచీ వెనకే నిలబడి వింటోంది.

"బావా, ఆ తొమ్మిది వందల పేర్లూ నీవే."

మావయ్య గ్లాసు బెంచీ మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"పుస్తకాలు వెతికే మా ఫారం గెట్ పద్ధతిది, అంటే ఉన్న సమాచారం అడిగి తెస్తుందంతే. ఎన్నిసార్లు రీఫ్రెష్ చేసినా ఆ జాబితానే మళ్లీ చూపిస్తుంది. నీది పోస్ట్ పద్ధతి, కొత్త వివరాలు పంపి చేరుస్తుంది. పంపాక వచ్చిన పేజీని రీఫ్రెష్ చేస్తే ఫారమే మళ్లీ పోతుంది. అది అనుమతి కాదు బావా, హెచ్చరిక. పేరు చేరగానే వేరే పేజీకి పంపించి ఉంటే ఈ గొడవే లేకపోను."

"ఇంకెవరూ లేరా?"

"ఒక్కరున్నారు. మా అక్క."

మావయ్య లిస్టు తీసుకుని చివరి దాకా చూసుకున్నాడు. మొహం చిన్నబోయింది. అంతలోనే నవ్వేశాడు.

"నా ప్రసంగం మీద నాకింత ఆసక్తి ఉందని నాకే తెలీదు," అన్నాడు.

ఇంతకీ రేపు దేని గురించి మాట్లాడతావని అడిగిందామె.

"ఫారాలు తయారుచేసేవాళ్లు చేసే తప్పుల గురించి. సరైన ఉదాహరణ దొరక్క వారంగా అల్లాడుతున్నాను."

టైలరు గ్లాసు కింద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఈ కథ చెబుతావంటే నేనూ వస్తాను. నా పేరు రాయి మావయ్యా, ఒక్కసారే."