మొదలు తెగిన తిప్పతీగ

నాసరమ్మ మిరపకోతకి పోయి, పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చిందంట. రాంగానే కాళ్ళన్నా కడుక్కోకుండా, బియ్యం కడిగిన నీళ్ళు చెంబులో పోసుకుని పెరట్లోకి పోయింది. తిప్పతీగకి పొయ్యటానికి. ఆ తీగంటే ఆవిడకి ప్రాణం అనుకో. కాపరానికొచ్చిన ఏడు పుట్టింటి నించి జానెడు ముక్క తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. తొలకరి పడంగానే వేపచెట్టు పక్కన గుచ్చి, పురికొస కట్టి పైకి పాకించింది. ఎండాకాలం పాదులో గడ్డి కప్పేది. ఊళ్ళో ఎవరికి జరమొచ్చినా పైన ముదురు కాడ కోసి, దంచి, కాచి ఇచ్చేదిగానీ, మొదలు జోలికి మాత్రం ఎవర్నీ పోనిచ్చేది కాదు. అట్టాంటిది, పోయి చూస్తే ఏముంది! మొదలు తెగిపోయుంది. కొడవలి ఏటు, ఒక్కటే. కింద మోడు, పైనంతా తీగ గాల్లో వేలాడతా ఉంది. చేతిలో చెంబు జారి పడిపోయింది. తెగినకాడ వేలు పెట్టి చూస్తే తడి ఇంకా ఆరలేదంట.

ఏమైందంటే, ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ఇద్దరే. మామ యలమందయ్య, తోటికోడలు చెంచులమ్మ. మామ పాపం భార్య పోయిన కాణ్ణించి ఎవరితో పలక్కుండా అరుగు మీద కూర్చునే మనిషి, ఆయన్నెవరు అనుకుంటారు? నాసరమ్మ సరాసరి చెంచులమ్మ మీదకి పోయింది. వీధిలో పదిమంది చేరారు. నేను కాదక్కా, దేవుడి మీద ఒట్టు అంటంది చెంచులమ్మ. దేవుడి మీద ఎందుకు, నీ బిడ్డల మీద వెయ్యి ఒట్టు, ఉంటే కదా వేస్తావు! అనేసింది నాసరమ్మ. చూశారా, ఆ పిల్లకి పెళ్ళై తొమ్మిదేళ్ళు, కడుపు పండలా. అనకూడని మాటమ్మా అది. చెంచులమ్మ ఏడవను కూడా ఏడవలేదంట. మర్నాడే పొయ్యి వేరు పెట్టుకుంది.

ఇక తీగ ఎండుద్దనుకున్నారు అందరూ. పీకెయ్యటానికి నాసరమ్మకి చేతులు రాలా. వారం పోయింది, రెండు వారాలు పోయినయ్. ఆకు వాడలా! పైగా ఒకరోజు చూస్తే పైనించి పోగొకటి, దారప్పోగంత సన్నంగా, కిందకి దిగతా ఉంది. వేరమ్మా, వేరు! గాల్లోంచి వేరు! ఇవాళ జానెడు, రేపు ఇంకో జానెడు. ఊరు ఊరంతా వచ్చి నోళ్ళు తెరిచి చూశారు. ఇరవయ్యో రోజు అది మట్టిలో దిగింది.

ఆ పొద్దు మామ అరుగు దిగొచ్చి, ఆ వేరుని చేత్తో తడిమి చూశాడంట. నేనే కోశానమ్మా, అన్నాడు. మీ అత్తకి జరమొస్తే ఈ తీగే కాచి పదకొండు రోజులు పోశావు, వద్దనకుండా తాగింది, అయినా పోయింది. రోజూ ఎవరో ఒకరు వచ్చి, మీ తీగతో మా వాడు లేచాడు అంటా ఉంటే ఇనలేకపోయానమ్మా, మరి నా మనిషెందుకు లేవలేదు? అని ఆ వేరు పక్కనే కూలబడ్డాడు. నాసరమ్మ ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చెంచులమ్మ గుమ్మంలోకి పోయింది. తప్పైపోయింది చెల్లే, అంది.

చెంచులమ్మ చేతిలో చేట ఆపలేదంట. ఆ మాట అన్నప్పుడు ఎంతమంది ఉన్నారక్కా? అని అడిగింది. పదిమంది దాకా ఉన్నారు, అంది నాసరమ్మ. అయితే వాళ్ళ ముందర చెప్పు. నాసరమ్మ వీధిలోకి పోయి, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి, పదిమంది ముందరా చెప్పుకుంది.

మళ్ళీ పొయ్యిలు కలిసినయ్యా అంటారా? లేదు, ఇప్పటికీ రెండే. కాకపోతే కూరగిన్నెలు అటూ ఇటూ తిరగతా ఉంటయ్. ఒకర్ని అనేముందు ఓ ఇరవై రోజులు ఆగితే ఏం పోయింది చెప్పండి? చెప్పటానికేం, నేనైతే ఇరవై లెక్క పెట్టేదాకా కూడా ఆగను.