కృపావరం గారి ఇంటి చిమ్నీ

ఏంటి నవోమీ, ఫైర్‌ప్లేస్ పగలగొట్టించేస్తావా? హాల్ పెద్దదవుతుందనా? ఎవరిచేత? కాంట్రాక్టరా? హమ్మయ్య, అయితే పర్లేదు. మేం కాంట్రాక్టర్ని పిలవలేదమ్మా. మేం అమెరికా వచ్చిన కొత్తలో, ఇక్కడే, ఈ క్యారీ ఊళ్లోనే, ఎనభై మూడో ఎనభై నాలుగో. కృపావరం గారని ఉండేవాడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. తెనాలి మనిషి. మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. ఆదివారం మధ్యాహ్నం తెలుగు ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే. పాత ఇల్లు, అడుగేస్తే కిర్రుమనేది. వాళ్లావిడ జ్ఞానమ్మగారు కీళ్లవాతంతో మేడమీద గదిలో మంచం పట్టింది. కింద మేం పాడుతుంటే పైనుంచి గొంతు కలిపేది, పాపం, మాకంటే కాస్త వెనగ్గా. అది వింటే ఆయనకి గుండె తరుక్కుపోయేది. "జోసఫూ, దాన్ని మీ మధ్యన కూర్చోబెట్టలేకపోతే నేనెందుకయ్యా?" అనేవాడు నాతో. కింద మంచం వేద్దామంటే ఫైర్‌ప్లేస్ చిమ్నీ అడ్డం, పొగ పైకి పోయే ఇటుకల గొట్టం. గదిలోకి ఇంత పొట్టేసుకుని పొడుచుకొచ్చి ఉండేది.

సరే, ఓ శనివారం అందరం చేరాం. ముందు ప్రార్థన, ఆ తర్వాత సుత్తులు. మనకి చిమ్నీల సంగతేం తెలుసు చెప్పు? మా ఊళ్లో పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచే పోయేది. పై గదిలో కూడా ఆ ఇటుకల కట్టడం ఆవిడ మంచం పక్కనే ఉంది. రోజూ చూస్తున్నాం. కిందదాని మీదే అది నిలబడిందని ఒక్కడికైనా తట్టాలా? ఇంజనీర్లున్నారమ్మా మాలో, ఇంజనీర్లు! కృపావరం గారికైతే ఒకటే సంబరం, "మంచం పడుతుంది, పక్కన కుర్చీ కూడా పడుతుంది!" అని. మనవాళ్లకి పాట లేకుండా పని సాగదుగా, ఎవరో డోలక్ కూడా అందుకున్నారు. ఇల్లెగిరిపోయేలా పాడాం. పైనుంచి ఆవిడ గొంతు రావడం లేదని ఎవరం గమనించలా. కాసేపటికి తిరిగి చూద్దుం కదా, మెట్ల మీద జ్ఞానమ్మగారు! ఏడాదిగా నేలమీద కాలు మోపని మనిషి, కూర్చుని ఒక్కో మెట్టూ జరుక్కుంటూ వస్తోంది. "స్తోత్రం! అద్భుతం!" అని అందరం చేతులు పైకెత్తాం. ఎత్తిన చేతులు దించలేదు, పైన ధభేల్‌మని... బాబోయ్! పరుగెత్తుకెళ్లి చూస్తే ఇటుకలన్నీ ఆవిడ మంచం మీద. తలగడ కనపడితే ఒట్టు.

ఎలా దిగిందంటావ్ ఆవిడ, ఆ మోకాళ్లతో? ఇప్పటికీ అంతుపట్టదు నాకు. డాక్టర్ని కూడా అడిగాను, ఏమో అన్నాడు. కృపావరం గారు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. పెద్దమనిషి, వెక్కి వెక్కి ఏడుపు. "గోడ కదులుతుంటే నన్నో కేకెయ్యొచ్చు కదా జ్ఞానం!" అని. ఆవిడ మొహం నిండా దుమ్ము. కోప్పడనైనా కోప్పడలేదమ్మా. "పిలిచానండీ. చాలాసేపు పిలిచాను. మీరంతా దేవుణ్ణి పిలుస్తున్నారు," అంది.

ఆ... ఆ మంచినీళ్లు ఇలా అందివ్వు తల్లీ.