బావ నొక్కిన పై బాణం

ఆగు బావా, కారు తియ్యకు. ఇంట్లో నోరు విప్పలేను. ఇక్కడే, ఈ ఆఫీసు సెల్లార్లోనే తేల్చుకుందాం.

ఏంటీ, చిన్న విషయమా? మూడు వారాల నా పని సర్వర్ మీంచి ఆనవాలు లేకుండా పోతే నీకది చిన్న విషయమా?

నువ్వు నీ కోడ్ సర్వర్లోకి పుష్ చెయ్యబోతే, అందరి కోడూ భద్రంగా దాచే ఆ గిట్ ఒప్పుకోలేదు కదా? ఎందుకు ఒప్పుకోలేదు? "ఇక్కడ వేరేవాళ్ళ పని ఉంది, నీ దగ్గర లేదు, ముందు దించుకో నాయనా" అని ఎర్రటి అక్షరాలతో మొత్తుకుంది. చదివావా? చదివే అలవాటుంటే కదా!

పై బాణం నొక్కావు, ఎంటర్ కొట్టావు. అంతేగా? అసలు నువ్వు కమాండు టైపు చేసి ఎన్నాళ్ళయింది? ఎప్పుడో కొట్టినదాన్ని పై బాణంతో వెనక్కి పిలవడం, కళ్ళు మూసుకుని ఎంటర్ కొట్టడం. పోయినవారం నువ్వొక్కడివే వాడుకునే నీ సొంత బ్రాంచి మీద, అక్కడున్నది చెరిపేసి నీ కాపీ రుద్దే ఫోర్స్ పుష్ చేశావు చూడు, ఇవాళ అదే వచ్చి కూర్చుంది. ఆ కమాండులో బ్రాంచి పేరైనా ఉండదాయె! ఏ బ్రాంచిలో ఉంటే దాన్నే తోసేస్తుంది. నువ్వున్నదేమో అందరం పనిచేసే మెయిన్ బ్రాంచిలో.

పైగా మౌస్ పట్టుకుని బటన్లు నొక్కేవాళ్ళంటే నీకు వెటకారమొకటి. నల్ల తెర మీద కమాండ్లు కొడితేనే ప్రోగ్రామరని నాకెన్ని క్లాసులు పీకావు!

సరే, పొరపాటు. రేపు నేనూ చెయ్యొచ్చు. నా ఏడుపు దానిక్కాదు.

తర్వాత నా సీటు దగ్గరికొచ్చి ఏమన్నావు? "నీ కాపీ ఏదో తేడాగా ఉంది, రీసెట్ హార్డ్ కొట్టి సర్వర్లో ఉన్నది తెచ్చుకో" అన్నావు. మారు మాట్లాడకుండా కొట్టాను. బావ చెప్పాడు కదా అని! నా మెషిన్లోనూ తుడిచిపెట్టుకుపోయింది. అపాయింట్‌మెంట్ల పేజీ మొత్తం మాయం. మనతో సైటు చేయించుకుంటున్న ఆసుపత్రివాళ్ళు రేపు వచ్చి చూస్తామన్న పేజీ!

వాష్‌రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను, తెలుసా?

మీటింగులో మేనేజర్ ఆ పేజీ ఏదని అడిగింది. నన్ను పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అని ఈ నెలాఖరుకి తేల్చేది ఆవిడే. నీకు తెలుసు. తెలిసే అన్నావు, నవ్వుతూ మరీ: "కొత్తమ్మాయి కదండీ, పుష్ చెయ్యడం మర్చిపోయుంటుంది."

మర్చిపోయుంటుందా! ఆ మాట వినగానే ఆవిడ మొహం ఎలా మారిందో చూశావా?

వద్దు, ఇప్పుడు సారీలొద్దు.

పని గురించా? దానికేం బెంగ పెట్టుకోకు. ఒకసారి కమిట్ చేసి గిట్‌లో నమోదు చేసింది అంత తేలిగ్గా పోదు. రెఫ్‌లాగ్ అని కొట్టాను. నేను ఏ కమిట్ మీంచి ఏ కమిట్‌కి వెళ్ళానో అంతా చెప్పింది. రీసెట్‌కి ముందున్న చోటు పట్టుకుని కొత్త బ్రాంచి చేసుకున్నాను. ఒక్క లైను పోలేదు.

ఎప్పుడా? మీటింగుకి ముందే.

అవును బావా, ముందే. పేజీ తెరిచి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నీ పక్కనే కూర్చున్నాను. ఆవిడ అడగ్గానే చూపిద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు గొంతు సవరించుకున్నావు. "తప్పు నాదండీ" అంటావనుకుని ఆగాను. ఎంత పిచ్చిదాన్నో! నీ మాట విన్నాక లాప్‌టాప్ మూసేశాను.

తర్వాత ఒక్కదాన్నే ఆవిడ గదిలోకెళ్ళి చూపించాను. బాగుందంది. వేరే టీంలోకి మార్చమని అడిగితే సరేనంది.

ఎవరు చెరిపారని కూడా అడిగింది.

తెలీదన్నాను. అబ్బే, నీ మీద జాలితో కాదులే. మా బావే చెరిపి నా మీదికి నెట్టాడని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది.