టీచరమ్మగారి కారు ఎందుకు ఆగిపోయింది

అయ్యలారా, అమ్మలారా, నా తోటి మెకానిక్కులారా, ఇన్నేళ్ళూ మా షెడ్డుకి బండ్లు తోలుకొచ్చిన డ్రైవరన్నలారా! ఇవాళ పని మానుకుని వచ్చిన మీ అందరికీ దండం. కుర్చీలు చాలలేదు, గోడవారగా నిలబడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. మా బావ చూసి ఉంటే, నా మూలంగా ఇంతమందికి పని చెడిందే అని నొచ్చుకునేవాడు.

పది రోజుల కిందట పొద్దున షెడ్డు షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ అక్కడే కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోగా అంతా అయిపోయింది. మా అక్క భర్త. నాకు పని నేర్పినవాడు. మీలో సగంమందికి ఆయన అసలు పేరే తెలియదు. ఎవరో ఓపికయ్య అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. నాకు మాత్రం బావ. ఇప్పుడు నేనెవర్ని పట్టుకుని బావా అని పిలవను?

నాకు ప్రసంగాలు రావు. నోరు తెరిస్తే తగువే నాకు, అది మీ అందరికీ తెలుసు. అయినా నేనే మాట్లాడతానని అక్కని అడిగి నిలబడ్డాను. పదకొండేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఒకటుంది. అది ఇవాళైనా కక్కకపోతే నేను మనిషిని కాను.

ముందు ఆయన పని గురించి చెబుతాను. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయే పాత బండి ఉంది చూశారూ, మెకానిక్కుకి దాన్ని మించిన శత్రువు లేదు. పూర్తిగా చెడిన బండి నయం. ఈ రకం బండి షెడ్డుకొచ్చాక మహా బుద్ధిగా ఉంటుంది. గంటసేపు ఇంజిన్ ఆడించినా తుమ్మదు, దగ్గదు. ఓనరు తీసుకుని వీధి మలుపు తిరిగాడో లేదో, టక్కున ఆగుతుంది. అప్పుడు మాలాంటివాళ్ళం ఏం చేస్తాం? ఊహించి ఒక సామాను మారుస్తాం. కుదిరిందా, మా గొప్ప. కుదరలేదా, ఇంకో సామాను. మా బావ అలా చేసేవాడా? ఒక్కనాడూ చెయ్యలేదు. "విన్నదాన్ని బట్టి బండి విప్పకూడదురా, అది ఆగేటప్పుడు మనం అందులో ఉండాలి" అనేవాడు.

ఇదిగో, ముందు వరసలో కూర్చున్న టాక్సీ అన్ననే అడగండి. ఆయన బండి మూడు షెడ్లు తిరిగి మా దగ్గరికొచ్చింది. అప్పటికి స్టీరింగూ సీట్లూ తప్ప అన్నీ మార్చేశారు. ఆ మార్చినవాళ్ళలో ఒకడు ఇక్కడే ఉన్నాడు, తల దించుకుని నవ్వుతున్నాడు. మా బావ ఏం చేశాడు? టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మూడు రోజులు! ప్యాసింజర్లు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఈయన మాత్రం కదలడు. ఒకావిడ "మీ నాన్నగారా అండీ?" అని అడిగిందట. మూడో రోజు మధ్యాహ్నం ఎత్తు రోడ్డు మీద బండి ఆగింది. దిగి చూస్తే ఇంజిన్‌కి పెట్రోలు అందడం లేదు. కాసేపాగితే మళ్ళీ అందుతోంది. ట్యాంకు దించితే లోపల వేలెడంత ప్లాస్టిక్ కాగితం ముక్క. పెట్రోలు తగ్గినప్పుడల్లా అది పోయి గొట్టం మూతికి అతుక్కునేది, బండి ఆగాక ఊడి పడేది. దాన్ని తీసి టాక్సీ అన్న చేతిలో పెట్టి, "ఇదిగో నీ జబ్బు" అన్నాడు. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది, ఇవాళ ఆయన వచ్చింది దాంట్లోనే.

అలాంటి మనిషికి చెడ్డపేరు వచ్చింది. ఎందుకొచ్చింది?

టీచరమ్మగారు వచ్చారు. వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. మీరు వస్తారని నేననుకోలేదమ్మా. మీ అందరికీ తెలిసిన కథ ఏమిటి? ఓపికయ్య బాగుచేసి ఇచ్చిన కారు మర్నాడే నడిరోడ్డు మీద ఆగిపోయింది, వెనకనుంచి లారీ గుద్దింది, టీచరమ్మగారి మోకాలు నుజ్జయింది. అవునా? ఇందులో ఒక అబద్ధం ఉంది. ఆ అబద్ధం నాది.

ఆ కారూ ఉన్నట్టుండి ఆగిపోయే రకమే, అందుకే మా దగ్గరికి తెచ్చారు. దాన్ని బావ నాలుగు రోజులు నడిపాడు. ఒక్కసారీ ఆగలేదు. "రేపు ఆవిడ పక్కన కూర్చుని స్కూలుదాకా వెళ్తాను, ఆవిడ ఎలా నడుపుతారో చూడాలి" అని చెప్పి, సామాన్లు కొనడానికి బజారుకి వెళ్ళాడు. నాకు చిరాకు. నాలుగు రోజులుగా షెడ్డులో చోటంతా ఆ కారే తినేస్తోంది. బావకి చెప్పకుండా పెట్రోలు పంపు మార్చేశాను, అదే అయి ఉంటుందనుకున్నాను. ఇంతలో టీచరమ్మగారు వచ్చారు. పిల్లలకి పరీక్షలు, కారు లేకపోతే కుదరదన్నారు. ఓపికయ్యగారు చూశారా అని అడిగారు. అమ్మా, మీకు గుర్తుండే ఉంటుంది. "బావే చూశాడమ్మా, ఇక ఆగదు" అన్నాను. తాళం మీ చేతిలో పెట్టాను.

బావ తిరిగొచ్చి కారేదని అడిగాడు. చెప్పాను. నన్ను తిట్టలేదు. స్కూటర్ తిప్పుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు, తాళం వేసి ఉంది. మర్నాడు పొద్దున్నే స్కూలు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బడి గంట కొట్టారు. పిల్లలందరూ లోపలికి వెళ్ళిపోయారు. టీచరమ్మగారు రాలేదు.

తర్వాత ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. మంచం పక్కన బల్ల మీద టీచరమ్మగారి తాళాల గుత్తి ఉంది. స్కూలు బీరువాలవి, గేటుది, ఇంటివి, పిడికెడు తాళాలు. చేత్తో ఎత్తి బరువు చూశాడట. ఆవిడ కారు మాకిచ్చినప్పుడల్లా గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే తీసిచ్చి, మిగతా గుత్తి తన దగ్గర ఉంచుకునేవారు. ఎవరైనా అంతే చేస్తారు. మా దగ్గర ఒంటి తాళంతో నాలుగేళ్ళు నడిపినా ఆ కారు ఆగేది కాదు. ఆవిడ నడిపేటప్పుడు గతుకొస్తే గుత్తి ఊగేది, ఆ బరువుకి తాళం కాస్త వెనక్కి తిరిగేది. తాళం తిప్పే స్విచ్చు లోపల అరిగిపోయి ఉంది. ఇంజిన్ ఆరిపోయేది.

ఈ సంగతి ఆవిడకి చెప్పొద్దన్నాడు బావ, వింటే తన తాళాలనే తిట్టుకుంటూ కూర్చుంటారని. అమ్మా, ఇవాళ నేను ఆయన మాట దాటుతున్నాను. తప్పు తాళాలది కాదు. అరిగిన స్విచ్చుని కనిపెట్టడం మా పని. మీ పక్కన ఒక్కరోజు కూర్చుని ఉంటే మా బావ కనిపెట్టేవాడు. ఆ ఒక్కరోజు లేకుండా చేసింది నేను.

మీ తమ్ముడుగారు షెడ్డుకొచ్చి నలుగురిలో ఆయన్ని కడిగిపారేశారు. బావ తల దించుకుని, "తప్పు నాదేనండీ" అన్నాడు. నేనెక్కడున్నాను? అక్కడే, ఆయన వెనకే, స్పానర్లు తుడుస్తున్నాను. తుడిచినవే తుడుస్తున్నాను. తర్వాత కాళ్ళ మీద పడి ఏడిస్తే, "నీకింకా పేరు రాలేదురా, రాకముందే పోతే ఎలా బతుకుతావు" అన్నాడు.

నేను బతికాను. పక్క వీధిలో సొంత షెడ్డు పెట్టాను. ఓపికయ్య దగ్గరికి వెళ్తే ప్రాణం మీదికొస్తుందని మీలో కొందరు నాతోనే అన్నారు. నేను తలూపాను. ఛీ, అదీ ఒక బతుకేనా? అక్కా, నీకూ చెప్పలేదు. ఆ ఒక్కసారి నీ ఓపిక ఎక్కడికి పోయిందని నువ్వూ ఆయన్ని అన్నావు. నేను అక్కడే అన్నం తింటున్నాను. ఆయన నవ్వి నా కంచంలో ఇంకాస్త కూర వేశాడు.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? వినాల్సినవాడు లేడు. బావా, నాకు నీ పని వచ్చింది కానీ నీ గుణం రాలేదు.

ఇక చాలు. మా బావ కోసం రెండు నిమిషాలు లేచి మౌనంగా నిలబడదాం. సెల్‌ఫోన్లు కట్టెయ్యండి. టీచరమ్మగారూ, మీరు కూర్చోండి, ఆ కాలుతో లేవొద్దు. మిమ్మల్ని లెమ్మనే ముఖం నాకు లేదు.

వద్దమ్మా... వద్దు, పడతారు... సరే. ఆయన కోసమే కదా లేస్తున్నారు, నా కోసం కాదు, నాకు తెలుసు.

అక్కా, వెనక్కి వెళ్ళి ఆవిడకి కాస్త చెయ్యి అందించు. ఆవిడ లేచేదాకా అందరం ఆగుదాం.