మొదటి గంటలో మూడు పాటలు

పగటి వెలుతురులో క్లబ్బు వెలవెలబోతోంది. నిన్న రాత్రే మొదటిసారి ఇక్కడ పాటలు కలిపిన డీజే పిల్ల, మేనేజరు ముందు నిలబడింది.

"మొదటి గంట మెల్లగా నడిపి, జనాన్ని పెద్ద డీజేకి అప్పజెప్పమన్నానా లేదా?"

"అన్నారు సార్."

"మరి వచ్చీరాగానే గంతులేయించే పాటలు మూడు కొట్టావేంటమ్మా? ఆయనొచ్చేసరికి జనం చతికిలబడ్డారు. నా మొహాన ఉమ్మినంత పని చేశాడు. ఇక ఈ ఊళ్లో నిన్నెవడు పిలుస్తాడు?"

"తెలిసే కొట్టాను సార్. మా అన్న వచ్చాడు. ఆసుపత్రి వాళ్లు రానూపోనూ కలిపి ఒక్క గంటే వదిలారు. ఈ పని నాకు నేర్పింది వాడే."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా."

"చెబితే జాలిపడి నాకీ ఛాన్సు ఇచ్చారంటారు అందరూ."

మేనేజరు గొంతు తగ్గింది. "పోనీ, ఒక్కటి చాలదూ? మూడెందుకు?"

"మొదటిదానికి వాడు తల కూడా ఊపలేదు సార్. ఇంట్లో ఆ పాట పెడితే పడుకున్నవాడు లేచి ఎగిరేవాడు. రెండోదానికీ అంతే."

"మూడోదానికి?"

"నర్సు చక్రాల కుర్చీ వెనక్కి తిప్పేసింది. గుమ్మం దాటేదాకా వాడికి వినబడాలని సౌండు పెంచాను."