గోరింటాకు వేలు

కరోనా రోజులు. ఆక్సిజన్ తొంభై నాలుగుకు తగ్గితే దవాఖానకు పంపిస్తారని జంగయ్య తాతకు తెలుసు. అందుకే ఆశా కార్యకర్త సునంద మిషన్ తీయగానే మంచంలో పడుకునే మెడదాకా దుప్పటి లాక్కున్నాడు.

"తాతా, వేలు పెట్టు."

దుప్పటి అంచు కింది నుంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్లకు గోరింటాకు ఎర్రగా పండి ఉంది. మిషన్ తొంభై ఎనిమిది చూపించింది.

"అవ్వ ఏది తాతా?"

"చేనుకు వోయింది."

"గోరింటాకు మంచిగ పండింది."

"ఆషాఢం గదా బిడ్డా. మొగోళ్లు పెట్టుకోవద్దా ఏంది?"

ఆ చెయ్యి తాతది కాదని, మంచం కింద దాక్కున్న అవ్వదని సునందకు అర్థమైంది. నవ్వు ఆపుకుంది.

"పెట్టుకో. గని ఎనభై రెండే చూపిస్తాంది. గీ చెయ్యి ఎవరిదో ఆళ్లను ఇప్పుడే మహబూబ్‌నగర్ తోల్కపోవాలె."

తాత దగ్గుకుంటూ లేచి కూర్చున్నాడు.

"అయ్యో, గది నాది గాదు, మా ముసల్దానిది! జల్ది బండి పిలువు!"

"ఒక్కతే ఎట్ల పోతది?"

"నేను గూడ వస్త."

"అయితే నీ వేలు గూడ పెట్టు."

ఎనభై తొమ్మిది. సునంద ఆ మాట పైకి అనలేదు. బండి రాగానే ఇద్దరినీ ఎక్కించింది.

"బిడ్డా, ముసల్దానికి మల్లొకసారి చూడు."

"చూసిన. తొంభై ఎనిమిది."

"గింతల్నే ఎట్ల పెరిగింది?"

"దిగకు తాతా, బండి కదిలింది."